పంపు తిరుగుతోంది, నీళ్ళు రావట్లేదన్నావు

ఆకివీడు,
జులై 18.

చి. చిన్నాకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. వానలు మొదలయ్యాయి కానీ చెరువులు నిండేంత పడలేదు. పెద్ద గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను వండితే నీ వాటా బుజ్జిగాడు తినేశాడు. మన దగ్గర పనిచేసే ఏసు కూతురికి ఉండిలో సంబంధం కుదిరింది, పెట్టుపోతలు మనమే చూడాలి.

నువ్వు ఫోన్ చేసి 19 రోజులైంది. "బిజీ అమ్మా" అని రెండు మెసేజ్‌లు పెట్టావు. సరే, పని ఉంటుంది. దాని గురించి కాదు ఈ ఉత్తరం. ఆ రోజు బోటు సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో పెట్టేశావు. పంపు తిరుగుతున్న చప్పుడు వస్తోంది, పట్టిన చేపల్ని బతికించి ఉంచే ఆ తొట్టె, అదే లైవ్‌వెల్‌లోకి మాత్రం నీళ్ళు రావట్లేదు, బోటు అడుగున తడిగా ఉంటోంది అన్నావు. ఆ మాట అప్పటినుంచి నా బుర్రలోనే తిరుగుతోంది. ఫోన్లో చెబితే "ఊఁ ఊఁ" అంటావు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి నీకు పంపమని బుజ్జికి ఇస్తున్నాను.

చప్పుడు వస్తూ నీళ్ళు రాకపోతే ముందు గాలి పట్టిందేమో చూడు. మన చెరువు డీజిలింజనుకైనా, నీ బోటు వెనకాల అరచేతిలో పట్టే పంపుకైనా జబ్బు ఒకటే. లోపల గాలి ఉంటే రెక్క ఎంత తిరిగినా నీళ్ళు ఎత్తదు. ట్రైలర్ మీంచి దించినప్పుడు ఆ గాలి అందులోనే ఉండిపోతుంది. కిందటేడు నేను టెక్సాస్‌లో నీ దగ్గరున్నప్పుడు నువ్వే చూపించావు. పంపు వేసి ఉంచి, ఇంజను రివర్సులో కాస్త గట్టిగా వెనక్కి పోనిచ్చావు. వెనకనుంచి నీళ్ళు తోసుకొచ్చి, ట్యాంకులో బుడబుడమని నాలుగు బుడగలు వచ్చి, తర్వాత ధార పడింది. అంత తెలిసినవాడివి మొన్న ఎందుకు చెయ్యలేదో నాకు తెలీదు. మనసు ఎక్కడ పెట్టుకున్నావో.

అది చేసినా రాకపోతే అడుగున నీళ్ళు లాగే చోట జల్లెడ చూడు. నువ్వు వేటకెళ్ళే ఆ సరస్సు, లేక్ ఫోర్క్‌లో హైడ్రిల్లా నాచు ఎంత ఉందో చూశానుగా, ఫ్యాను రెక్కకి జడలా చుట్టుకుంది. ఒక్క రెబ్బ అడ్డం పడితే చాలు. అసలు చప్పుడే రాకపోతే అది వేరే సంగతి. ఫ్యూజు, టైమర్ స్విచ్చి, వైరు చివర పచ్చగా చిలుము పట్టిందేమో చూడాలి. పంపు తల మెలితిప్పితే ఊడొస్తుంది కదా, లోపల గాలం దారం చుట్టుకుందేమో కూడా చూడు. నీళ్ళు వచ్చి నిలవకపోతే వాల్వు ఖాళీ చేసే వైపు తిరిగి ఉన్నట్టు.

పద్మక్క నిన్న వచ్చింది. వాళ్ళ కిరణ్ చెప్పాడట, మొన్న పోటీలో నీ చేపలు రెండు తూకం దగ్గరికి వచ్చేసరికి చచ్చిపోయాయని, పాయింట్లు తగ్గించారని, నువ్వు ఎవరితోనూ మాట్లాడకుండా ట్రైలర్ తగిలించుకుని వెళ్ళిపోయావని. నేను పద్మక్కతో ఏమీ అనలేదు, కాఫీ ఇచ్చి పంపాను. చేప చస్తే నీకు ఎంత బాధో నాకు తెలుసు. చిన్నప్పుడు సంచీలో చేపపిల్ల నాలుగు తేలితేనే అన్నం మానేసేవాడివి.

అది పంపు తప్పు ఒక్కటే కాదు నాన్నా. అక్కడ జులైలో పై నీళ్ళు 30 డిగ్రీలుంటాయి. ఆ వేడిలో నీళ్ళు పట్టుకోగల ఆక్సిజనే లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు. అయిదు కంటే తగ్గితే చేప ఇబ్బంది పడుతుంది, మూడుకి దిగితే మనం గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకోవడమే. అలాంటి నీళ్ళలో, మూత వేసిన తొట్టెలో, గాలంతో పోరాడి అలిసిపోయిన అయిదు చేపల్ని పెట్టి బోటు వేగంగా తోలితే ఏమవుతుంది? స్పీడు మీద బోటు వెనక భాగం పైకి లేచి, లాగే చోటికి నీళ్ళు అందవు. కొత్తనీళ్ళు రావు, పైగా గాలి కూడా పడుతుంది. బయల్దేరే ముందే ఉన్న నీళ్ళు తిరిగేలా మార్చుకోవాలి, ఆగిన చోటల్లా కొత్తనీళ్ళు పెట్టుకోవాలి. అవే నీళ్ళు గంటలకొద్దీ తిరిగితే అమ్మోనియా పేరుకుంటుంది. ఐసు వేసుకో, కానీ కొన్న ఐసు ముక్కలు నేరుగా వెయ్యకు, కుళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది. సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి, మూత తీయకుండా సీసాతోనే వెయ్యి. చెరువు వేడికంటే మీ ఫారన్‌హీట్ లెక్కలో 8, 10 డిగ్రీలకు మించి తగ్గించకు. వేడిలోంచి ఒక్కసారిగా చలిలో పడేస్తే అదో దెబ్బ.

కిరణ్ ఇంకో మాట కూడా చెప్పాడట. శనివారాలు ఒక్కడివే వెళ్తున్నావని. స్వాతి కాన్పుకి కాకినాడ వచ్చేసింది, ఇంట్లో ఒక్కడివే తోచదు, నాకు తెలుసు. ఏం తింటున్నావో ఏమో. బియ్యం కడిగి కుక్కర్ పెట్టడం పది నిమిషాల పని, గోంగూర సీసా ఇంకా సగం ఉందని స్వాతి చెప్పింది.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. నువ్వు విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివే ఏడాది, ఆగస్టు. మీ నాన్న ఏలూరు ఆసుపత్రిలో, సీతత్త తోడు. ఇక్కడ నేనొక్కదాన్నే. మూడు రోజులు ఒకటే ముసురు, ఎండ పొడ లేదు. తెల్లవారుజామున మూడింటికి ఆరెకరాల చెరువు గట్టు మీదికెళ్ళి టార్చి వేస్తే, బొచ్చెలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆ చప్పుడు నీకు తెలుసుగా, చప్ చప్ మని, వందల నోళ్ళు. కరెంటు లేదు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయి ఉన్నాయి. ఇంజను తిప్పాను. ఆడింది, నీళ్ళు ఎత్తలేదు. ఆపి గొట్టంలో రెండు బిందెల నీళ్ళు పోశాను, నిలవలేదు. పేడనీళ్ళు పోశాను, అవీ దిగిపోయాయి. అంటే గొట్టం అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్‌వాల్వు మూసుకోవట్లేదు. ఏసుని లేపుదామంటే వాడు అత్తారింటికి వెళ్ళాడు. చీర దోపుకుని కాలవలోకి దిగాను. చేత్తో తడిమితే వాల్వు పలక సందులో గుర్రపుడెక్క వేరు, దాంతో పాటు నైలాను వల ముక్క. లాగేశాను. గట్టెక్కి నీళ్ళు పోసి ఇంజను తిప్పాను, ఈసారీ ఆడింది కానీ నీళ్ళు ఇంకా పట్టలేదు. పైపు సరిగ్గా మునగలేదనుకుని ఇంజను ఆపకుండానే మళ్ళీ దిగాను. అప్పుడు కాలు ఒండ్రులో దిగబడింది. అది తీయబోతే రెండోది. నీళ్ళు గుండెల దాకా. అరిచాను. ఇంజను పక్కనే ఆడుతుంటే ఆ చప్పుడులో నా గొంతు నాకే వినబడలేదు.

తెల్లారుతుండగా పాల వెంకన్న సైకిల్ మీద పోతూ ఆగాడు. నన్ను చూసి కాదు. ఇంజను ఆడుతోంది, గొట్టంలోంచి నీళ్ళు పడట్లేదు, ఇదేంటని ఆగాడు. కండువా అందించి లాగాడు. తర్వాత ఇద్దరం కలిసి నీళ్ళు పోసి పట్టించాం, చేపలు చాలామటుకు దక్కాయి. మీ నాన్నకి చెప్పలేదు. ఏసుకీ చెప్పలేదు.

నీ లేక్ ఫోర్క్ 27 వేల ఎకరాల నీళ్ళు అన్నావు. నీళ్ళకింద ఎండిన చెట్ల మోడులు నిలబడే ఉన్నాయన్నావు. అక్కడ ఏ వెంకన్న వస్తాడు?

అడుగున తడి అన్నావే, నాకు అసలు భయం దానితోనే. పంపు తిరిగి, ట్యాంకులోకి రాని నీళ్ళు ఎక్కడికో పోతున్నట్టే కదా. గొట్టం చీలి ఉంటుంది, లేదా బిగింపు వదులై ఉంటుంది. నీళ్ళు లాగే చోటు నీటిమట్టం కంటే కిందే ఉంటుంది, అక్కడ గొట్టం ఊడితే చెరువంతా బోటులోకే. బోటుని ఇంటిదగ్గర ట్రైలర్ మీదే పెట్టి, అడుగు బిరడా తీసి, తోట గొట్టంతో లైవ్‌వెల్ పొంగేదాకా నింపు. టార్చి పెట్టి వెనకాల ఎక్కడ కారుతోందో చూడు. పొంగినప్పుడే కారితే పొంగునీళ్ళ గొట్టం చీలినట్టు. లాగే వైపు గొట్టం ఇలా తెలియదు, దాన్ని చేత్తో నొక్కి, కదిపి చూడాలి. మెత్తబడితే మార్చెయ్, ప్రతి చివరా రెండేసి స్టీలు బిగింపులు వెయ్యి. అది బాగుచేసేదాకా బోటు నీళ్ళలోకి దించకు. అయ్యాక అడుగు బిరడా పెట్టడం మర్చిపోకు.

లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టడానికి కాదు, వేసుకోవడానికి. నువ్వు పడితే ఇంజను ఆగే తాడు నడుముకి తగిలించుకో. 2019 నుంచి టెక్సాస్‌లో అది చట్టం అని నాకు చెప్పినవాడివి నువ్వే.

స్వాతికి ఏడో నెల. మొన్న ఫోన్లో గొంతు బాగానే ఉంది, కానీ నీ పేరు రాగానే మాట మార్చింది. మీ ఇద్దరి మధ్య నేను రాను. దానికైనా రోజూ ఫోన్ చెయ్యి.

శనివారం నువ్వు బయల్దేరేటప్పుడు అక్కడ ఉదయం అయిదైతే మాకు మధ్యాహ్నం మూడున్నర. ఆ టైముకి నేను పడుకోను. బోటు దించేముందు ఒక్క ఫోన్ చెయ్యి. ఒంటిగంటకి గట్టెక్కితే ఇక్కడ రాత్రి పదకొండున్నర, అప్పుడూ చెయ్యి. మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
అమ్మ