అబార్షన్‌కు చట్టం అడ్డం కాదు, రెండు మూడు వేల రూపాయలు అడ్డం

సంపాదకులు గారికి,

నమస్కారం. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అబార్షన్ అవసరమైన ఆడవాళ్లు ఆసుపత్రికి ఎందుకు ఆలస్యంగా వస్తున్నారో, ఆ ఆలస్యాన్ని ఊళ్లోవాళ్లమే కొంత చందాతో ఎలా తగ్గించవచ్చో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

అబార్షన్‌ను అనుమతించే చట్టం 1971లోనే వచ్చింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 2021 సవరణ తర్వాత, చట్టం చెప్పిన కారణాలుంటే 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు వంటి కొందరికే. గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్నచోట పాత చట్టంలో ‘భర్త’ అని ఉండేది, ఇప్పుడు ‘భాగస్వామి’ అని మార్చారు. పెళ్లి కాలేదన్న కారణంతో 20-24 వారాల అవకాశాన్ని కాదనకూడదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. సర్కారు ఆసుపత్రిలో దీనికి ఫీజు కట్టనక్కర్లేదు.

మరి ఎక్కడ ఆగిపోతోంది? చేతిలో డబ్బు లేక. రామకుప్పం పక్క పల్లె నుంచి చిత్తూరు జిల్లా ఆసుపత్రికి, సత్యవేడు పక్క నుంచి తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి రావాలంటే పోనూ రానూ ఒక రోజు పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆ మేరకు మేలే. కూలి మాత్రం ఎవరూ తిరిగివ్వరు. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీకి పోయే మనిషి ఒక్కసారితో పని అయిపోతుందనుకుని వస్తుంది. మాత్రలతో అయితే మొదటి రోజు, మూడో రోజు, పదిహేనో రోజు, అలా మూడుసార్లు లెక్క. తోడు వచ్చే ఆడమనిషికీ కూలి పోతుంది. చేబదులు పుట్టేదాకా ఆగితే వారాలు గడిచిపోతాయి, తొమ్మిది వారాల్లో మాత్రలతో పోయేది పన్నెండు దాటి పెద్ద డాక్టరు, పెద్ద ఆసుపత్రి కావాల్సిన స్థితికి వస్తుంది.

వారాల లెక్కలోనే చాలామంది పొరబడతారు. నెల తప్పిన రోజు నుంచి లెక్కపెట్టుకుని ‘ఇంకా ఇరవై రోజులేగా’ అంటారు. డాక్టరు లెక్క చివరిసారి బహిష్టు వచ్చిన మొదటి రోజు నుంచి మొదలవుతుంది. ఆ ఇరవై రోజులు అప్పటికే ఏడు వారాలు. ఆశా వర్కర్లు ఈ ఒక్క మాట ఇంటింటా చెప్పినా ఎంతో ఉపయోగం.

ఇక మెడికల్ షాపు కిట్టు. అట్టలో ఒక మాత్ర వేరుగా, నాలుగు వేరుగా ఉంటాయి. వేరుగా ఉన్నది మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, నాలుగూ మిసోప్రోస్టాల్, ఒక్కోటి 200 మైక్రోగ్రాములు. మన దేశంలో దీన్ని తొమ్మిది వారాల దాకానే అనుమతించారు, అదీ డాక్టరు చీటీ మీద. మొదటి మాత్ర వేసుకున్నాక రెండోరకానికి 36 నుంచి 48 గంటలు ఆగాలి. చీటీ లేకుండా అమ్మేచోట ఇదంతా ఎవరూ చెప్పరు, ఐదూ ఒకేసారి మింగేవాళ్లున్నారు. అంతకన్నా ప్రమాదం గర్భం ట్యూబులో ఉన్నప్పుడు. ఆ గర్భాన్ని ఈ మాత్రలు తీయలేవు. రక్తం కనిపించింది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. రక్తం బాగా తక్కువున్నవాళ్లకు, లోపల కాపర్ టీ ఉన్నవాళ్లకు కూడా ముందు పరీక్ష చేయకుండా ఇవ్వకూడదు.

మిసోప్రోస్టాల్ వేసుకున్న రోజే తోడు అవసరం, ఎందుకంటే కడుపునొప్పి, రక్తస్రావం కొన్ని గంటల్లోనే మొదలవుతాయి. వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోతుంటే, జ్వరం ఒక రోజు దాటినా తగ్గకపోతే, స్రావం దుర్వాసన కొడుతుంటే ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. అందుకే తోడు మనిషి కూలి ఆసుపత్రికి వెళ్లిన రోజుకే ఇచ్చి మూడో రోజుకు ఇవ్వకపోతే ఆ సాయం సగమే. పదిహేనో రోజు చూపించుకోకపోవడం ఇంకో తప్పు. పూర్తిగా పోయిందా లేదా తేలేది అప్పుడే. మిగిలిపోతే పన్నెండు వారాల లోపు చేత్తో లాగే 60 మిల్లీలీటర్ల సిరంజీతో, తిమ్మిరి సూది మీద తీసేస్తారు. గోకి తీసే పాత డీఅండ్‌సీ మానేసి ఈ పద్ధతే వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ పద్ధతిలో చేస్తారని ముందే అడిగే హక్కు మనకుంది.

నిధి మాట. అమెరికాలో 1976లో హైడ్ సవరణ వచ్చి పేదల వైద్యానికిచ్చే కేంద్ర డబ్బు అబార్షన్‌కు దాదాపు ఆపేశారు. అక్కడి ఆడవాళ్లు చందాలతో నిధులు నడిపి ఆసుపత్రి ఫీజే కట్టాల్సి వచ్చింది. అబార్షన్ హక్కును కొట్టేస్తూ అక్కడి సుప్రీంకోర్టు 2022 జూన్ 24న ఇచ్చిన తీర్పు తర్వాత చాలా రాష్ట్రాలు నిషేధం పెట్టడంతో ప్రయాణం, బస, పిల్లల్ని చూసుకునే ఖర్చూ ఆ నిధుల మీదే పడింది. మనకు ఫీజు సర్కారుది. మనం మోయాల్సింది దారి, కూలి, తోడు. అంటే చాలా చిన్న నిధితో సరిపోతుంది.

గ్రామైక్య సంఘంలో 25 పొదుపు సంఘాలు, సంఘానికి పదిమంది అనుకుందాం. మనిషికి నెలకు 20 రూపాయలు వేస్తే 5,000. కూలి రోజుకు 400 లెక్కన ఆమెకు మూడు రోజులు 1,200, తోడుకు రెండు రోజులు 800, ఊరి నుంచి బస్టాండుకు ఆటో, తిండి, ప్యాడ్లకు 500. మొత్తం 2,500. నెలకు ఇద్దరికి సరిపోతుంది. ఎవరూ అడగని నెల డబ్బు బయట స్కానింగ్ చేయించాల్సిన వాళ్లకు, ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం ఉండి, తర్వాతి గర్భానికి ముప్పు రాకుండా అబార్షన్ అయిన 72 గంటల్లోపు యాంటీ-డి సూది వేయించాల్సిన వాళ్లకు దాచాలి.

ఈ డబ్బును అప్పుగా ఇవ్వొద్దు. అప్పంటే పొదుపు పుస్తకంలో ఎక్కుతుంది, సమావేశంలో పైకి చదువుతారు, మర్నాటికి ఊరంతా తెలుస్తుంది. బ్యాంకు లింకేజీ ఖాతాతో కలపకుండా విడిగా, ఇద్దరి సంతకాలతో ఖాతా పెట్టాలి. పుస్తకంలో పేరు ఉండకూడదు, వరుస సంఖ్య, తేదీ, మొత్తం చాలు. చీటీల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకూడదు. ఆడమనిషి వివరాలు బయటపెట్టిన డాక్టరుకు చట్టంలోని 5ఏ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు ఉంది. డబ్బిచ్చేవాళ్లకు ఆ సెక్షన్ వర్తించకపోయినా అదే కట్టుబాటు మనకు మనం పెట్టుకోవాలి. తీర్మానం కోసం నెలాఖరు దాకా ఆగితే నిధి ఉన్నా లేనట్టే, అందుకని 5,000 ఎప్పుడూ ఇద్దరి చేతుల్లో నగదుగా ఉండి అడిగిన రోజే అందాలి. ఎందుకు తీయించుకుంటున్నావని అడగడం నిధి పని కాదు. ఉంచుకోమని గానీ తీయించుకోమని గానీ చెప్పకూడదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. సర్కారు ఆసుపత్రికి, లేదా గోడ మీద ఫారం-బి అనుమతి పత్రం కనిపించే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లేవాళ్లకే ఇవ్వాలి. చట్టం పరిధి దాటి చేసే అబార్షన్ భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద నేరం. ఇక్కడ పేరుతో వచ్చే చిక్కొకటుంది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే సంచి తగిలించుకుని ఇంటికొచ్చి సూది వేసే మనిషి. చట్టంలో రాసిన ‘రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్’ ఆయన కాదు, గుర్తింపు ఉన్న డిగ్రీ, మెడికల్ కౌన్సిల్‌లో పేరు, దీనికి కావాల్సిన శిక్షణ లేదా అనుభవం ఉన్న డాక్టరు. ఆడపిల్లని తెలిసి తీయించుకునేదానికి ఒక్క రూపాయి ఇవ్వకూడదు, లింగనిర్ధారణను 1994 చట్టం నిషేధించింది. ఆ చట్టం పేరు చెప్పి మామూలు అబార్షన్‌కే భయపెట్టడం కూడా అంతే తప్పు. పద్దెనిమిది నిండని పిల్ల అయితే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి, డాక్టరు పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కింద పోలీసులకు తెలపాలి. పిల్ల, సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో పేరు ఇవ్వనక్కర్లేదని మన సుప్రీంకోర్టు 2022 తీర్పులోనే ఉంది. అమెరికాలో ఉన్న మన పిల్లలు నిధికి డబ్బు పంపుతామంటే ముందు పాస్‌పోర్టు అడగండి. భారత పౌరుడు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

భర్త సంతకం తెమ్మని తిప్పి పంపేచోట్లు ఇంకా ఉన్నాయి. అబార్షన్‌కు అంగీకార పత్రమైన ఫారం-సి చూడండి, ఒకటే పేజీ. ఆమె పేరు, ఎవరి కూతురు లేదా భార్య, వయసు, చిరునామా, ఏ ఆసుపత్రిలో, కింద ఆమె సంతకం. భర్త సంతకానికి అందులో చోటే లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే చేస్తామనడానికీ చట్టంలో ఆధారం లేదు. తోడు వెళ్లే మనిషి సంచిలో ఈ ఫారం కాపీ ఒకటి ఉంచుకుంటే కౌంటరు దగ్గర వాదన ఐదు నిమిషాల్లో తేలుతుంది.

రెండు జిల్లాల వైద్య ఆరోగ్యశాఖ అధికారులను మేం కోరేది ఒకటే. ఏ పీహెచ్‌సీలో, ఏ ఏరియా ఆసుపత్రిలో శిక్షణ ఉన్న డాక్టరు వారంలో ఏ రోజుల్లో ఉంటారో, ఎన్ని వారాల దాకా చేస్తారో, ఫారం-బి ఉన్న ప్రైవేటు ఆసుపత్రులేవో ఒక జాబితా తయారు చేసి ప్రతి సచివాలయం నోటీసు బోర్డులో పెట్టాలి. మీ పత్రిక జిల్లా పేజీలో దాన్ని మూడు నెలలకోసారి అచ్చువేస్తే మండల సమాఖ్యలు కత్తిరించి దాచుకుంటాయి.

ఇట్లు,
కొందరు రిటైర్డ్ నర్సులు, పొదుపు సంఘాల మహిళలు,
తిరుపతి