రాడార్ కొన్న లెక్క కాదు, పనిచేసిన లెక్క కావాలి

సంపాదకుడికి,

వాతావరణ వ్యవస్థల ఆధునికీకరణకు కేంద్రం 2024 సెప్టెంబరులో రూ.2,000 కోట్లతో ‘మిషన్ మౌసమ్’ను ఆమోదించింది. మంచిదే. కానీ ఎన్ని రాడార్లు కొన్నారన్నదాని కంటే తుపాను వేళ ఎన్ని గంటలు పనిచేశాయన్నదే ముఖ్యం. 2014లో హుద్‌హుద్ తాకినప్పుడే విశాఖ రాడార్ దెబ్బతింది. ట్రాన్స్‌మిటర్‌లో సంకేతానికి బలమిచ్చే క్లైస్ట్రాన్ గొట్టం, యాంటెన్నాను తిప్పే మోటారు, గేర్లు అరిగిపోయే భాగాలు. అవి విదేశం నుంచి రావాలంటే ఆ సీజన్ పోయినట్లే. విడిభాగాల నిల్వ, మరమ్మతు గడువు, అది దాటితే బిల్లులో కోత టెండరులోనే రాయాలి. తక్కువలో అయిపోతుందని 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేసే ఎక్స్ బ్యాండ్ రాడార్‌తో సరిపెడితే కుండపోతలో సంకేతం బలహీనపడి, వాన తెర వెనకున్న మేఘం కనపడదు. తీరానికి 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యపు ఎస్ బ్యాండ్ రాడార్ ఉండాల్సిందే.

సముద్ర పరిశోధన నౌకల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం కోసం 2024లో కోల్‌కతా గార్డెన్ రీచ్ యార్డుకు నిర్మాణం అప్పగించిన నౌక విలువ సుమారు రూ.840 కోట్లు. నిర్మాణం సగంలో పరికరాలను సముద్రంలోకి దించి లాగే వించ్ గానీ, ధ్వనితో నీటి అడుగును గుర్తించే సోనార్ గానీ మారిస్తే డెక్కు బలం, విద్యుత్ లోడు, కేబుళ్ల దారి అన్నీ మళ్లీ లెక్కేయాలి. ఖర్చు పెరిగేది అక్కడే. డిజైన్ ఖరారయ్యాకే ఉక్కు కోయాలి. ఇంధనానికి, నౌకను నీటి నుంచి బయటికి తెచ్చి మరమ్మతు చేసే డ్రైడాక్‌కు ఏటా విడిగా నిధులు చూపాలి.

నౌక ఎన్ని రోజులు సముద్రంలో ఉంది, ఏ రాడార్ ఎన్ని గంటలు ఆగింది అన్నది భూవిజ్ఞాన శాఖ మూడు నెలలకోసారి ప్రకటించాలి. కాగ్ ఆ లెక్కలు తనిఖీ చేయాలి.

– ఒక పాఠకుడు, మచిలీపట్నం