ఉర్దూ టీచర్ పోస్టుల సంగతేంటి?

సంపాదకులకు,

పొట్టి శ్రీరాములు గారి పేరు పెట్టుకున్న జిల్లాలో తెలుగు తప్ప వేరే భాషకు చోటెందుకని కొందరు వాదిస్తుంటే చిరాకేస్తోంది. 2006లో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి చేసినప్పుడు అక్కడి తెలుగు పిల్లల కోసం మనం బాధపడలేదా? నెల్లూరులో తరాలుగా ఉర్దూ, తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్లూ ఆంధ్రులే. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 2022లో రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాష చేశారు, సంతోషం. అయితే జిల్లాలో ఉర్దూ టీచర్ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో, ఎప్పుడు నింపుతారో విద్యాశాఖ ప్రకటించాలి.

– ఒక పాఠకుడు, నెల్లూరు