సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ: సినిమా ఆడించడం మున్సిపాలిటీ పని కాదని ఎవరన్నారు?

మంత్రి గారికి నమస్కారం.

ఇంతకుముందు పంపిన అర్జీలు మీ దాకా వచ్చాయో, దారిలో ఏ బీరువాలో ఆగిపోయాయో తెలీదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నా. ఎవరో ఒకరు మీ ఫోన్‌కి పంపిస్తారని ఆశ. టికెట్ రేట్లు పెంచమనీ కాదు, తగ్గించమనీ కాదు, బెనిఫిట్ షోల గొడవ అంతకన్నా కాదు. అవన్నీ పెద్దవాళ్లు మీ ఛాంబర్‌కి వచ్చి శాలువా కప్పి మాట్లాడుకుంటారు. నేను అడిగేది మా ఊళ్లో తాళం పడి ఉన్న ఒక హాలు గురించి. అది ఏ ప్రైవేటు ఆసామిదో అయితే నోరు మూసుకునేవాణ్ణి. అది మా మున్సిపాలిటీ సొంతం, మేం కట్టిన ఇంటి పన్నుతో లేచిన గోడలు.

నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. ఆర్క్ ల్యాంపులో కార్బన్ కడ్డీలు మార్చుకుంటూ పని నేర్చుకుని, జినాన్ బల్బు వచ్చాక చూసి, రీళ్లు పోయి శాటిలైట్‌లో సినిమా దిగే రోజులు కూడా చూసినవాణ్ణి. మా ఊరి థియేటర్లలో ఒకటి కల్యాణ మండపం అయింది, ఒకటి బట్టల షోరూం అయింది, ఒకదాన్ని పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపారు, నేను పనిచేసిన ఆఖరిది 2020 లాక్‌డౌన్‌లో మూసింది, మళ్లీ తెరవలేదు. ఓనర్ని ఏమీ అనలేను. ఆట ఆడినా ఆడకపోయినా కరెంటు మినిమమ్ చార్జీ కట్టాలి, డిజిటల్ మెషిన్ అద్దె కట్టాలి, స్టాఫ్‌కి జీతాలివ్వాలి, ఎన్నాళ్లని ఈడుస్తాడు పాపం.

ఇక మున్సిపల్ హాలు. వాలుగా పోసిన నేల, పైన చిన్న బాల్కనీ, దాని వెనక గది, ఆ గది గోడకి రెండు మెషిన్ల ఎత్తుకి సరిగ్గా రెండు కన్నాలు. కట్టినవాళ్ల బుర్రలో సినిమా ఉందని ఆ గోడ చూసిన ఏ ఆపరేటరైనా చెప్తాడు. ఇప్పుడా గదిలో బ్లీచింగ్ పౌడర్ బస్తాలు పేర్చారు. ఆ ఘాటుకి కింద హాల్లో కుర్చీల ఇనుప కాళ్లు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయి, కూర్చుంటే ప్యాంటుకి అంటుకుంటుంది. స్టేజీ మీద పాడైన దోమల మందు మెషిన్లు, ఎన్నికలప్పటి బారికేడ్లు. ఆగస్టు పదిహేనుకీ, జనవరి ఇరవై ఆరుకీ తాళం తీసి ముందు నాలుగు వరసలు తుడుస్తారు. మిగతా వరసలకి దేశభక్తి అక్కర్లేదు కాబోలు.

దీన్ని బాగుచేసి, ఒక మెషిన్ పెట్టి, తక్కువ టికెట్‌తో సినిమాలు వేయండని ఆఫీసులో అడిగాను. కమిషనర్లు మారినప్పుడల్లా మళ్లీ మొదట్నించీ అడిగాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను. కొన్నాళ్లకి ఫోన్‌కి మెసేజ్, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. పరిగెత్తుకెళ్లి చూస్తే హాలుకి అదే తాళం, కాకపోతే కొత్తగా గ్రీజు రాశారు. పరిష్కారం అంటే అదే అనుకోవాలి. గట్టిగా నిలదీస్తే ఒకాయన విసుక్కుని అన్నమాట ఇది: "సినిమాలు ఆడించడం మున్సిపాలిటీ పని కాదండీ. డ్రైనేజీ, నీళ్లు, వీధి దీపాలు, అంతే. ప్రపంచంలో ఎక్కడైనా ఉందా ఇది?"

ఉంది సార్. ఆయన నవ్వుతూ అడిగిన ప్రశ్నకి మీకు జవాబిస్తున్నా.

నార్వే రాజధాని ఓస్లో. మా మేనల్లుడు అక్కడ ఉద్యోగం చేస్తాడు, వాడి నోట మొదట విన్నా, తర్వాత దొరికిందల్లా చదివా. 1913లో ఆ దేశం ఒక చట్టం చేసింది. ఊళ్లో ఎవరు సినిమా హాలు నడపాలన్నా ఆ ఊరి మున్సిపాలిటీ లైసెన్స్ ఇవ్వాలి అని. ఆ చట్టం వెనక ఉన్నది కళాభిమానమేం కాదు, పిల్లలు చెడిపోతున్నారన్న భయం. కానీ మున్సిపాలిటీలు తెలివిగా ఆలోచించాయి. లైసెన్స్ ఇచ్చేది మనమే అయినప్పుడు ఇంకొకడికి ఎందుకివ్వాలి, మనమే నడిపితే లాభం ఊరికే వస్తుంది కదా అని. ఒక్కో ఊరూ హాళ్లు తీసుకోవడం మొదలైంది. 1917కల్లా మున్సిపల్ సినిమా హాళ్లకి ఒక సంఘం కూడా ఏర్పడింది.

అప్పుడు అక్కడి డిస్ట్రిబ్యూటర్లు ఊరుకున్నారా? మన దగ్గర ఏం జరుగుతుందో అక్కడా అదే జరిగింది. మున్సిపాలిటీ హాళ్లకి సినిమాలివ్వం పొమ్మన్నారు. దానికి వాళ్లేం చేశారంటే 1919లో మున్సిపాలిటీలు కలిసి సొంతంగా డిస్ట్రిబ్యూషన్ కంపెనీ పెట్టుకున్నాయి. మీరివ్వకపోతే మేమే తెచ్చుకుంటాం అని. ఆ తర్వాత 1932లో సినిమాలు తీయడానికి కూడా కంపెనీ పెట్టుకున్నాయి. మన దగ్గరైతే ఈపాటికి ఒక కమిటీ వేసేవాళ్లు. కమిటీ రిపోర్టు మీద ఇంకో కమిటీ కూడా.

ఓస్లో నగరం మాత్రం చాలా ఊళ్ల కంటే ఆలస్యంగా దిగింది. చిన్న ఊళ్లు ఎన్నో చేశాక, 1926లో ఓస్లో కినెమాటోగ్రాఫర్ అనే మున్సిపల్ సంస్థ నగరంలో సినిమా హాళ్లని చేతిలోకి తీసుకుంది. కొలోసియం అని పెద్ద డోమ్ ఉన్న హాలొకటి ఉంది అక్కడ, 1928లో తెరిచారు. 1963లో మంటలు అంటుకుని కాలిపోయింది. మరుసటి ఏడాదే మళ్లీ కట్టి తెరిచారు. మరుసటి ఏడాదే, సార్. కాలిన హాలుని వాళ్లు ఏడాదిలో తెరిస్తే, ఏ మంటా లేని హాలుని మనం బ్లీచింగ్‌తో తినిపిస్తున్నాం.

డబ్బుల సంగతికొద్దాం, ఎందుకంటే మీ అధికారులు తిప్పి తిప్పి అక్కడికే వస్తారు, మున్సిపాలిటీకి నష్టం అని. ఎడ్వర్డ్ మూంక్ అని వాళ్లకి చాలా పెద్ద చిత్రకారుడు, 1944లో చనిపోయాడు. తన దగ్గరున్న బొమ్మలన్నీ ఓస్లో నగరానికే వీలునామా రాసిచ్చాడు. నగరం చేతికి అంత ఆస్తి వచ్చింది, పెట్టడానికి చోటు లేదు. చివరికి 1963లో, ఆయన పుట్టి వందేళ్లయిన ఏడాది, మ్యూజియం తెరిచారు. ఆ మ్యూజియం కట్టిన డబ్బు ఎక్కడిదనుకున్నారు? మున్సిపల్ సినిమా హాళ్ల లాభాల్లోంచి. జనం సినిమా చూసి కొన్న టికెట్లతో ప్రపంచమంతా వచ్చి చూసిన మ్యూజియం లేచింది. మాకు మ్యూజియం వద్దు సార్, బాత్రూములకి తలుపులు వస్తే చాలు.

ఒక మాట నేనే చెప్పేస్తా, లేకపోతే మీ పీఏ గారు వెతికి నా మీదే విసురుతారు. 2013లో ఓస్లో నగరం ఆ సంస్థని అమ్మేసింది, డెన్మార్క్‌కి చెందిన నార్డిస్క్ ఫిల్మ్ చేతికి పోయింది. "చూశావా, వాళ్లూ అమ్మేశారు" అంటారని నాకు తెలుసు. నిజమే. కానీ 1926 నుంచి 2013 దాకా, 87 ఏళ్లు, ఒక రాజధాని నగరం తన జనానికి సినిమా చూపించింది. యుద్ధం వచ్చింది, టీవీ వచ్చింది, వీడియో క్యాసెట్లు వచ్చాయి, అన్నిటినీ దాటుకుని నడిపాక అమ్మింది. మన మున్సిపాలిటీ ఒక్క ఆట కూడా వేయకుండానే ఆ హాలుని కమర్షియల్ కాంప్లెక్స్‌కి లీజుకి ఇచ్చే పనిలో ఉందట. రెండూ ఒకటెలా అవుతాయి?

అంత దూరం ఎందుకు, చలి దేశం కబుర్లు మనకెందుకు అంటారా, కేరళ వెళ్దాం. వాళ్ల ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 1975లో పుట్టింది. మన ఉమ్మడి రాష్ట్రం కార్పొరేషనూ అదే ఏడాది పుట్టింది. ఈడు ఒకటే. వాళ్లది తిరువనంతపురంలో కైరళి, శ్రీ, నీల అని మూడు తెరలు నడుపుతోంది, కోళిక్కోడ్‌లో, త్రిస్సూర్‌లో, ఆలప్పుళలో హాళ్లున్నాయి, చేర్తల లాంటి చిన్న ఊళ్లో కూడా ఉంది. 2024లో ప్రభుత్వ ఓటీటీ కూడా పెట్టారు. మా జిల్లాలో సామాన్యుడు టికెట్ కొనుక్కుని వెళ్లే ప్రభుత్వ హాలు ఒక్కటి చూపించండి, నా లేఖ వెనక్కి తీసుకుంటాను.

ప్రభుత్వానికి సినిమా వ్యాపారంతో పనేంటి అనే మాట మాత్రం దయచేసి అనకండి. 2021లో మన ఆంధ్రప్రదేశ్‌లో, పంచాయతీలో నాన్ ఏసీ హాలుకి కింది క్లాసు టికెట్ ఐదు రూపాయలు అని జీవో 35 ఇచ్చింది ప్రభుత్వమే. టికెట్లు కూడా మేమే ఆన్‌లైన్‌లో అమ్ముతాం అని అదే ఏడాది చట్టం మార్చింది కూడా ప్రభుత్వమే. అది వేరే పార్టీ ప్రభుత్వం అంటారు, సరే, కుర్చీ అదే కదా. మరుసటి ఏడాది మార్చిలో జీవో 13 వచ్చింది. చిన్న సినిమాకి ఒక ఆట ఇస్తేనే ఐదో ఆటకి పర్మిషన్ అని అందులో రాశారు. చదువుకోవడానికి చాలా బాగుంది. మా ఊళ్లో మొదటి ఆటకే దిక్కు లేదు, ఐదో ఆట ఎక్కడ వేస్తారు సార్, బస్టాండులోనా?

ఒకప్పుడు టికెట్ మీద వినోదపు పన్ను స్థానిక సంస్థలకి చేరేది. హాలు నిండితే మున్సిపాలిటీకి నాలుగు డబ్బులు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చి అదీ ఊడ్చేసింది. అప్పట్నించీ ఊళ్లో హాలు ఉంటే ఎంత, పోతే ఎంత అన్నట్టు తయారయ్యారు మావాళ్లు. సొంతంగా నడిపితే ఆ డబ్బు పన్ను రూపంలో కాకుండా కలెక్షన్ రూపంలో వస్తుందని చెప్పి చూశాను. "ముందు నీళ్ల బిల్లు బకాయి కట్టావా" అని అడిగారు. కట్టాను సార్, రసీదు ఉంది.

హాలు లేకపోతే ఏమవుతుంది, ఫోన్లో చూసుకుంటారు అనొచ్చు. చూసుకుంటున్నారు. మగపిల్లలు బండి వేసుకుని జిల్లా కేంద్రంలో మల్టీప్లెక్స్‌కి పోతున్నారు, సెకండ్ షో చూసి హైవే మీద వస్తుంటే ఇంట్లో అమ్మలకి టెన్షన్. ఆడవాళ్లు, ముసలివాళ్లు మానేశారు. మా ఇంటి ఎదురుగా మిర్చి కోతకి వెళ్లే ఆవిడ ఒకరున్నారు, హాలు ఉన్న రోజుల్లో శనివారం కూలి డబ్బు రాగానే పిల్లలతో ఫస్ట్ షోకి వచ్చేది. ఇప్పుడు నలుగురు మల్టీప్లెక్స్‌కి వెళ్లాలంటే ఆటో, టికెట్లు, పాప్‌కార్న్ అడిగే పిల్ల, వారం కూలి ఒక్క పూటలో హుష్‌కాకి. మాతో పనిచేసిన గేట్‌మ్యాన్ ఏటీఎం దగ్గర వాచ్‌మ్యాన్ అయ్యాడు. బుకింగ్ క్లర్క్ కర్రీ పాయింట్ పెట్టుకున్నాడు. నేను సెట్‌టాప్ బాక్సులు బిగిస్తున్నా.

మీరు చిన్న సినిమాలకి సబ్సిడీ ఇస్తామంటారు, అవార్డులిస్తామంటారు. ఇవ్వండి, సంతోషం. ఆ సినిమాలు ఎక్కడ చూడాలి? పెద్ద సినిమా వచ్చిన వారం జిల్లా కేంద్రంలో తెరలన్నీ దానికే. డిస్ట్రిబ్యూటర్ ఇవ్వడన్న భయం ఉంటే మీ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఉంది, మున్సిపల్ హాళ్లకి సినిమాలు అదే ఇప్పించవచ్చు. నార్వేలో మున్సిపాలిటీలు వందేళ్ల కిందట కంపెనీ పెట్టుకోవాల్సి వచ్చింది, మీకు కంపెనీ రెడీగా ఉంది, బోర్డూ ఉంది, చైర్మన్ కారూ ఉంది.

హాల్లో సినిమా వేయాలంటే బి ఫారం లైసెన్స్, ఫైర్ ఎన్‌ఓసీ, రోడ్లు భవనాల శాఖ సర్టిఫికెట్, ఇవన్నీ కావాలని నాకు తెలుసు, నా కళ్లముందు ఓనర్లు చెప్పులరిగేలా తిరిగారు. కానీ ఇక్కడ అడిగేదీ ప్రభుత్వమే, ఇచ్చేదీ ప్రభుత్వమే. మీ ఆఫీసు మీ ఆఫీసుకి ఉత్తరం రాయాలి, అంతే.

ఇప్పుడు అసలు తొందర ఏంటంటే, ఆ హాలుని కమర్షియల్ కాంప్లెక్స్‌కి లీజుకిచ్చే టెండర్ సిద్ధమవుతోందని ఆఫీసులోనే అనుకుంటున్నారు. ఎవరికి వెళ్తుందో కూడా ఊళ్లో అందరికీ తెలుసు, టెండర్ మాత్రం ఇంకా పిలవలేదు! దాన్ని ఆపండి. ఆపి ఆ హాలుని మాకు సినిమా హాలుగా ఇవ్వండి. మొత్తం ఆపలేమంటే వారానికి రెండు రోజులు సినిమా వేయాలని షరతుల్లో ఒక్క లైన్ చేర్పించండి. కనీసం ముందు ఆ బ్లీచింగ్ బస్తాలు వేరే చోటికి మార్పించండి, ఇంకో వర్షాకాలం అయితే కుర్చీలు మిగలవు. మెషిన్ వస్తే జీతం సంగతి తర్వాత చూసుకుందాం, నేనూ మా పాత అసిస్టెంటూ వచ్చి నడుపుతాం. ఇవేవీ కుదరవంటే కుదరవనే చెప్పండి, కానీ మెసేజ్‌లో కాదు, కాగితం మీద, కారణం రాసి, కింద సంతకం పెట్టి.

ఇట్లు,
పని లేని ఒక ప్రొజెక్టర్ ఆపరేటర్