ఆర్చి వద్దు, గేటు తియ్యండి: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. చిత్తూరు దగ్గరి ఒక పల్లె నుంచి రాస్తున్నాను. మా కబడ్డీ సారు పోయి మూడు నెలలైంది. ఊరి ముందర ఆయన పేరుతో ఆర్చి కట్టించాలని మా పెద్దలు మీకు అర్జీ ఇవ్వబోతున్నారు. అదింకా మీ దాకా రాకముందే ఈ జాబు అందాలని నా ఆశ.

ఆయన మట్టికోర్టు కాలం ఆటగాడు. కూతకొస్తే ఎదుటి జట్టు గీత దాకా వెనక్కి జరిగేదని మా నాయన ఇప్పటికీ చెబుతాడు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీని మొదటిసారి చేర్చారు, మనకు బంగారు పతకం వచ్చింది. ఆ జట్టులో సారు లేడు. అడిగితే "మన ఆట ఆడిదాకా పోయింది గదరా, సాలు" అనేవాడు. పతకాలు ఎక్కడ పెట్టాడో ఇంట్లోవాళ్ళకే సరిగా తెలీదు. సన్మానాల్లో కప్పిన శాలువాలు మాత్రం మాకందరికీ తెలుసు. టోర్నమెంట్లకు పోయినప్పుడు బడి వరండాల్లో మేం కప్పుకొని పడుకున్నవి అవే. జరీ అంచు మెడకు గుచ్చుకునేది.

తెల్లారి ఐదింటికి బడి గ్రౌండు గేటు తీసేది ఆయనే. ముందు వంగి పల్లేరుకాయలు ఏరేవాడు. తర్వాత ముగ్గుపిండితో గీతలు. మగవాళ్ళకు 13 మీటర్ల పొడవు, 10 వెడల్పు. ఆడవాళ్ళకు 12, 8. కొలిచేది కాలి అడుగులతోనే. ఒకసారి మేం టేపు పెట్టి చూస్తే జానెడు తేడా కూడా రాలేదు. ఆట అయ్యాక నానేసిన చెనిక్కాయ విత్తనాలు, బెల్లం. ఆదివారమైతే వాళ్ళింట్లోనే రాగి సంగటి. అన్నీ జీతం డబ్బులే. (ఆ ఇంటావిడ ఓర్పు గురించి ఇంకో జాబు రాయాలి.)

బ్యాడ్మింటన్ గోపీచంద్ గారి సంగతి మీకు తెలిసిందే. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కూల్‌డ్రింకు ప్రకటన వద్దన్నాడు, అకాడమీ కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు. మా సారుకు తాకట్టు పెట్టడానికి సొంతిల్లు కూడా లేదు.

సారు పోయిన వారానికే గ్రౌండు తాళంచెవి వెనక్కి తీసుకున్నారు. ఎవరన్నది రాయను, వాళ్ళ భయం వాళ్ళది. పిల్లలకు దెబ్బ తగిలితే జవాబు చెప్పేదెవరని అడుగుతున్నారు. సబబైన ప్రశ్నే. కానీ ఇప్పుడు పిల్లలు గోడ దూకుతున్నారు. పోయిన నెల ఒకమ్మాయి అట్లాగే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కూతకెళ్ళి 30 సెకన్లు ఏడుగురి మధ్య తిరిగినా ఒంటిమీద గీరు పడనీయని పిల్ల.

ప్రభుత్వ బడుల గ్రౌండ్లు పొద్దున, సాయంత్రం రెండేసి గంటలు ఊరి పిల్లలకు తెరిచి ఉంచేలా, తాళంచెవి ఎవరి దగ్గరుండాలో, బాధ్యత ఎవరిదో తేల్చి చెప్పేలా ఒక ఉత్తర్వు ఇప్పించండి. వీలైతే మండలానికో మ్యాటు. పెద్ద పోటీలన్నీ ఇప్పుడు దానిమీదే. మట్టిలో ఒట్టికాళ్ళతో పెరిగిన మా పిల్లలు బూట్లేసుకుని మ్యాటెక్కితే, కాలు ఎక్కడ ఆగుతుందో తెలిసేసరికి సగం ఆట అయిపోతుంది. ఆర్చికయ్యే డబ్బు దీనికి పెడితే సారు ఏమీ అనుకోడు.

ఆగస్టు 29న, హాకీ ఆటగాడు ధ్యాన్‌చంద్ పుట్టినరోజున, జాతీయ క్రీడా దినోత్సవానికి తిరుపతికో చిత్తూరుకో వచ్చేటట్టయితే, సభకు ముందు తెల్లారి ఐదింటికి మా గేటు దాకా రండి. పిల్లలు బయటే నిలబడి ఉంటారు. ముగ్గుపిండి వాళ్ళే తెచ్చుకుంటారు.

ఇట్లు,
సారు దగ్గర ఆరేళ్ళు ఆడిన ఒక పాత రైడర్