చిన్న పట్టణాల మాస్టర్ ప్లాన్‌లో బస్తీలకు చోటేదీ?

సంపాదకులకు నమస్కారం.

మూసీ పక్కన ఏం జరిగిందో మీ పత్రికలోనే చదివాం. 2024 సెప్టెంబర్‌ చివర్లో చాదర్‌ఘాట్, మూసానగర్ వైపు ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని, అంటే నదీగర్భంలో ఉన్న ఇల్లని, రాసి వెళ్లారు. ఏళ్ల తరబడి అక్కడే బతికిన కుటుంబాలు ఒక్కసారిగా రోడ్డున పడ్డాయి. హైదరాబాద్‌లో ఇప్పటికే చాలా ఆలస్యమైంది, ఏం చేసినా ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతుంది. కానీ మన జిల్లా కేంద్రాల్లో, చిన్న మున్సిపాలిటీల్లో పరిస్థితి ఇంకా చెయ్యి దాటిపోలేదు, అందుకే ఈ ఉత్తరం.

2016 అక్టోబర్‌లో తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాయి, ఇప్పుడు మొత్తం 33. చిన్న ఊళ్లు అనుకున్నవాటికి కూడా కలెక్టరేట్ వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, చుట్టూ పొలాల్లో వెంచర్లు వెలిశాయి. మరి ఆ కలెక్టరేట్‌కు ఇటుకలు మోసినవాళ్లు, ఆ వెంచర్లలో హద్దు రాళ్లు పాతినవాళ్లు, పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు ఎక్కడుండాలి? వెంచర్‌లో నూట యాభై, రెండు వందల గజాల ప్లాట్లే వేస్తారు, నలభై గజాలు అమ్మేవాళ్లు ఎవరూ ఉండరు. అద్దెకు వెళ్దామంటే కూలి డబ్బుల్లో సగం దానికే పోతుంది. చివరికి నీళ్లు నిలిచే చెరువు శిఖం భూమిలోనో నాలా గట్టు మీదో రేకులు వేసుకుంటారు. ఆ చోటు కూడా ఊరికే రాదు, ఎవరో ఒక లోకల్ లీడర్‌కు డబ్బులిచ్చి నోటరీ కాగితం రాయించుకుంటేనే వస్తుంది.

మా బంధువులు ఉండే ఊళ్లో కొత్త బైపాస్ పక్కన అలాంటి బస్తీ ఒకటి ఉంది. నల్లా ఒక్కటే, అది కూడా రోడ్డు మీద, నీళ్లొచ్చే వేళకు ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉంటాయి. ఒక ఇంట్లోకి వెళ్తే పైకప్పు ఇనుప పైపుకు పాలిథిన్ కవరు వేలాడుతోంది, లోపల ఆధార్ కార్డులు, కరెంటు బిల్లులు, ఆ నోటరీ కాగితం. వాన వస్తే ముందు అదే తీసి పక్కింటి డాబాలో పెడతామని ఆ ఇంటావిడ చెప్పింది. మీటర్ ఇచ్చారు, ఇంటి పన్ను కట్టించుకుంటున్నారు, ఓటు ఉంది. పట్టా సంగతి ఎత్తితే మాత్రం మీరున్నది సర్కారు జాగా అంటారు.

ఇక్కడ నాకు బాధ కలిగించేది ఒకటుంది. 2020లో ఎల్ఆర్ఎస్‌ (అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం) పెడితే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే మధ్యతరగతి వాళ్లం కొన్న ప్లాట్లు కూడా లక్షల్లో అనుమతి లేని లేఅవుట్లలోనివే. వాటిని సరిచేసుకోవడానికి ప్రభుత్వం దారి చూపింది, 2025లో ఫీజులో 25 శాతం రాయితీ కూడా ఇచ్చింది. మంచిదే, తప్పుపట్టను. అదే ఓపిక బస్తీ మీద ఎందుకు చూపరు? 2014 డిసెంబర్‌లో వచ్చిన జీవో 58 కింద 125 గజాల లోపు పేదల ఇళ్లను ఉచితంగా క్రమబద్ధీకరించే వీలు కల్పించారు, కానీ చెరువు, నాలా భూముల్లో ఉన్నవాళ్లకు అది వర్తించలేదు, పేదలకు దొరికేదేమో ఎక్కువగా ఆ భూములే. 75 గజాల లోపు ఇల్లు కట్టుకోవడానికి రూపాయి రిజిస్ట్రేషన్ చాలన్నారు, ఆ 75 గజాలకు ముందు కాగితం ఉండాలి కదా.

నీళ్లు పారే చోట ఇళ్లు ఉండకూడదని నేనూ ఒప్పుకుంటాను. 2020 అక్టోబర్ వరదలు చూసిన హైదరాబాదీలు ఎవరూ దాన్ని కాదనరు. అలాంటి చోట ఉన్నవాళ్లకు అదే ఊళ్లో, పని దొరికే అడ్డాకు నడిచి వెళ్లేంత దూరంలో స్థలం చూపించాలి, ఊరికి పది కిలోమీటర్ల అవతల ఇల్లిస్తే తాళం వేసి మళ్లీ నాలా దగ్గరికే వస్తారు. నలభై ఇళ్లున్నప్పుడు ఇది ఒక కమిషనర్ చెయ్యగలిగే పని. నాలుగు వేల ఇళ్లయ్యాక ఏ ప్రభుత్వం వల్లా కాదు.

ఒడిశా వాళ్లు చేసి చూపించారు. 2017లో బస్తీవాసులకు భూమి హక్కు ఇచ్చే చట్టం తెచ్చి, చిన్న పట్టణాలతోనే మొదలుపెట్టారు. డ్రోన్లతో సర్వే చేసి, బస్తీవాళ్లతోనే సంఘాలు వేయించి, భార్యాభర్తలిద్దరి పేరు మీద పత్రాలిచ్చారు. అది పిల్లలకు వస్తుంది, బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు, అమ్మడానికి మాత్రం కుదరదు. అమ్మకం కుదరదు కాబట్టి రియల్ ఎస్టేట్ వాళ్లు వచ్చి ఎగరేసుకుపోతారన్న భయం కూడా తక్కువ. మనకు అడ్డమేమిటో నాకైతే అర్థం కాలేదు.

ఇప్పుడు చాలా పట్టణాలకు మాస్టర్ ప్లాన్లు కావాలి. కామారెడ్డిలో 2023 జనవరిలో ఏమైందో అందరికీ గుర్తుంది, పచ్చని పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కితే ఆ ముసాయిదాను పక్కన పెట్టారు, జగిత్యాలలోనూ అంతే. ఆ రైతుల దగ్గర పాసుపుస్తకం ఉంది, సర్వే నంబర్ ఉంది, మ్యాపులో తమ పొలం ఎక్కడుందో వెతికి పట్టుకోగలిగారు. బస్తీ మనిషికి సర్వే నంబర్ లేదు. రేపు ఆ చోట గ్రీన్ జోన్ అనో వంద అడుగుల రోడ్డు అనో గీత గీసినా తెలిసేది జేసీబీ వచ్చిన రోజే.

కాబట్టి మున్సిపల్ శాఖకు నా విన్నపం. ముసాయిదా గీయకముందే ప్రతి బస్తీలో ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకోండి, ఆ బస్తీని మ్యాపులో దాని పేరుతోనే చూపించండి. మ్యాపును ఆఫీసు నోటీసు బోర్డుకు అంటించి వదిలెయ్యకుండా బస్తీలోకి తీసుకెళ్లి, కూలీలు ఇంటికొచ్చే సాయంత్రం వేళ తెలుగులో వివరించండి. అభ్యంతరాల గడువు ఆ రోజు నుంచే లెక్కపెట్టండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్