కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2024–25: ఇల్లు ఎవరి చేతిలో పెట్టాలి

సభ్యులందరికీ నమస్కారమండి.

ఈ ఏడాది డ్రెయిన్ పూడిక తీయించాం, వీధి దీపాలు మార్పించాం, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టాం. వాటి గురించి చివర్లో రెండు ముక్కలు రాస్తాను. కమిటీ టైము మాత్రం దాదాపు అంతా ఒక్క విషయానికే పోయింది: కొత్తగా ఇల్లు కట్టుకునే మన సభ్యులు ఆ పని ఎవరికి అప్పగించాలి, ఏమేం అడిగి అప్పగించాలి. కాలనీలో ఖాళీ ప్లాట్లు ఇంకా చాలా ఉన్నాయి, అవన్నీ ఇవాళో రేపో పునాదికి వచ్చేవే, అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

నిరుడు వానల తర్వాత మన సభ్యులొకరి ఇంట్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వచ్చాయి. గృహప్రవేశమై రెండేళ్లు కూడా కాలేదు. కట్టినాయన్ని పిలిస్తే వచ్చి చూసి, పుట్టీ పెట్టించి వెళ్లాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వాళ్ల దగ్గరున్న ఆధారం ఒకే ఒక్క కాగితం, దాని మీద చదరపు అడుగుకి ఇంత అని రేటు. పునాది ఏ రకం, ఎంత లోతు, ఇనుము ఎంత, ఒక్క మాట లేదు. సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి వచ్చినప్పుడు, ఇళ్లు కట్టుకున్న మిగతావాళ్లు కూడా తమ కాగితాలు తెచ్చి చూపించారు. చాలావరకు అవీ అంతే.

మన నేల సంగతి మీకు తెలియనిది కాదు. భీమవరం చుట్టూ చాలా లేఅవుట్లలాగే మనదీ ఒకప్పుడు వరిచేను. బోదెలు పూడ్చి, మట్టి తోలి మెరక చేసి ప్లాట్లు వేశారు. పైనున్నది తోలిన మట్టి, అది ఏళ్ల తరబడి దిగుతూనే ఉంటుంది. దాని కింద నల్ల బంకమన్ను, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండాకాలం కాలువలు కట్టేశాక ఆరి నెర్రెలు తీస్తుంది, మళ్లీ ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలి, వానలు పడితే ఉబ్బుతుంది. పునాది ఆ ఉబ్బే పొరలోనే ఆగిపోతే పైన గోడ ఎంత గట్టిగా కట్టినా పగులుతుంది. అందుకే ఇలాంటి నేలలో అడుగున గుబ్బలాగా వెడల్పు చేసే అండర్ రీమ్‌డ్ పైల్స్ (నేలలోకి దింపే కాంక్రీటు స్తంభాలు) వేస్తారు, లేదా ఇల్లంతటి కిందా ఒకే పలకలాగా కాంక్రీటు రాఫ్ట్ పోస్తారు. ఏది కావాలన్నది మట్టి పరీక్ష చూసి స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి. "ఇక్కడ అందరికీ ఇలాగే వేశామండి, ఏం కాలేదు" అని మేస్త్రి అంటే సరిపోదు.

రేట్ల తేడా కూడా ఇక్కడే దాక్కుంటుంది. ఒక సభ్యుడు ముగ్గురు బిల్డర్ల దగ్గర రేట్లు తీసుకుని, అందరికంటే తక్కువ చెప్పినాయనకి అడ్వాన్స్ ఇవ్వబోతూ మాకు చూపించారు. కూర్చుని విడదీస్తే ఆయన రేటులో పైల్స్ లేవు, మెరక లేదు, సెప్టిక్ ట్యాంకు లేదు, కాంపౌండ్ గోడ లేదు. ఎక్కువ చెప్పినాయన వీటిలో మూడు కలిపే చెప్పాడు. కాబట్టి చదరపు అడుగు రేటు పక్కపక్కన పెట్టి చూడటం దండగ. ముందు ఇంజనీరు చేత డ్రాయింగులు, ఎస్టిమేటు చేయించుకోండి, ఆ ఒక్క ఎస్టిమేటునే అందరికీ ఇచ్చి రేట్లు రాయమనండి, అప్పుడుగానీ ఎవరిది ఎక్కువో ఎవరిది తక్కువో తెలియదు. ఇసుక విడిగా రాయించండి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం ఉంది, మనకయ్యేది ప్రధానంగా లోడింగు, రవాణా. పాత ధరలు పట్టుకుని లెక్క వేస్తుంటే అడగాలి.

బిల్డరు చూపించే కొత్త ఇల్లు చూసి మోసపోవద్దు. రంగులు వేసిన కొత్తలో ఏ ఇల్లయినా బాగానే ఉంటుంది. ఆయన కట్టి మూడు నాలుగు వానాకాలాలు గడిచిన ఇల్లు చూపించమనండి. కమిటీ వాళ్లం ఈ ఏడాది అలాంటి ఇళ్లు కొన్ని చూశాం. ఒక ఇంట్లో హాలు గోడకి నేల నుంచి మోకాలెత్తు దాకా రంగు పొక్కులు లేచి ఉంది, వేలితో గీస్తే తెల్లటి పొడి రాలింది, సోఫా అడ్డం పెట్టుకుని బతుకుతున్నారు. వాళ్లు ఇల్లంతా బోరు నీళ్లతోనే కట్టారట. మన వైపు బోరు నీళ్లు ఉప్పన, చుట్టూ రొయ్యల చెరువులు. అదే నీళ్లు స్లాబులో పోస్తే లోపల ఇనుము తుప్పు పట్టి, కొన్నేళ్లకి పెచ్చులు ఊడతాయి. కాంక్రీటు పనులకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఇనుము ఉండే కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ల్యాబులో పరీక్ష చేయించి, దాటితే మంచినీళ్ల ట్యాంకరు ఎవరు తెప్పించాలో అగ్రిమెంటులోనే రాసుకోండి. స్లాబు పోసే రోజు పొద్దున్న దీని మీద గొడవపడి లాభం లేదు.

సభ్యుల్లో పంచాయతీరాజ్ శాఖలో చేసి రిటైరైన ఇంజనీరుగారు ఒక ఆదివారం అందరినీ సైటు దగ్గరకి తీసుకెళ్లి రాడ్లు తూయించారు. 12 మిల్లీమీటర్ల రాడ్డు, 12 మీటర్ల పొడవుది, 10.66 కిలోలు తూగాలి. కొద్దిపాటి తేడా మామూలే, కిలో తగ్గితే మాత్రం దించనివ్వద్దన్నారు. గాజు సీసాలో సగం ఇసుక, దాని మీద నీళ్లు పోసి ఊపి వదిలేస్తే ఒండ్రు పైన పొరలాగా పేరుకుంది, ఎంత మందం ఉందో పిల్లలకి కూడా తెలిసిపోయింది. ఇలా పరీక్షిస్తామంటే మొహం చిట్లించే బిల్డరుకి ఇల్లు ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం.

డబ్బు సంగతి. పెద్ద అడ్వాన్స్ ఇవ్వకండి. పునాది, ప్లింత్ బీమ్, స్లాబు, గోడలు, ప్లాస్టరింగు, ఏ దశ పూర్తయితే ఆ దశకి ఇవ్వండి, చివరి వాయిదాలో కొంత ఒక వానాకాలం గడిచాకే ఇచ్చేలా రాసుకోండి. క్యూరింగ్, అంటే కాంక్రీటుకి నీళ్లు పట్టే పని, ఎవరిదన్నది కూడా రాయాలి. ఫ్లైయాష్ కలిసిన పీపీసీ సిమెంటుకి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు, లేబరు కాంట్రాక్టు (సామాను మీది, కూలి పని మాత్రం వాళ్లది) అయితే ఈ పని మీ మీద పడుతుంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, రెరా, ఉంది కదా అనే ధీమా మన ఇళ్లకి పనికిరాదు, మన స్థలంలో మనం కట్టించుకునే ఇల్లు దాని కిందకి రాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో ఇంటి నిర్మాణాన్ని సేవగానే చెప్పారు కాబట్టి, చెల్లించిన మొత్తం 50 లక్షల లోపయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, గడువు రెండేళ్లు. పగుళ్లు వచ్చిన మన సభ్యులు ఇప్పుడు ఆ దారిలోనే ఉన్నారు, చేతిలో సరైన కాగితం లేక పడుతున్న ఇబ్బంది అంతా ఇంతా కాదు. సంఘం వాళ్ల వెంటే ఉంటుంది.

మిగతావి: డ్రెయిన్ పూడిక వానలకి ముందే తీయించాం, మెయిన్ రోడ్డు దగ్గర మలుపు మాత్రం ఇంకా ఎత్తుగానే ఉంది, మునిసిపాలిటీకి మళ్లీ అర్జీ పెట్టాం. ముగ్గుల పోటీ ఖర్చు దాతలే పెట్టుకున్నారు. జమాఖర్చులు ఆడిటయ్యాయి, సమావేశంలో పుస్తకం బల్ల మీద ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు.

బిల్డర్ని అడగాల్సిన ప్రశ్నల పత్రం, అగ్రిమెంటు నమూనా తెలుగులో తయారు చేశాం, లాయరుగారు ఒకసారి చూసిచ్చారు. కాపీలు కార్యదర్శి ఇంట్లో ఉన్నాయి. ఈ ఎండాకాలంలో శంకుస్థాపన పెట్టుకున్నవాళ్లు సంతకం చేసేముందే ఒకసారి వచ్చి పట్టుకెళ్లండి, ఇంజనీరుగారు ఆదివారాలు సాయంత్రం ఇంట్లోనే ఉంటానన్నారు.